నేను బాత్రూంలో జారి పడలేదు

పుత్తూరులో ఎముకల కట్టు కట్టించుకోవడానికి వెళ్లినవాళ్లకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్లు పక్కవాళ్ల పేరు అడగరు. ముందుగా అడిగేది ఒకటే మాట, "ఎట్ల పడినావు?" అని. వరుస వచ్చేదాకా అందరూ దానికి జవాబు చెప్పుకుంటూ పొద్దుపుచ్చుతారు. మామిడి కొమ్మ విరిగి పడినాయన, బండి మీద నుంచి పడిన పిల్లోడు, పేడ మీద కాలు జారిన అవ్వ. నొప్పి అందరికీ ఉంది కాబట్టి ఒకరి కథకి ఒకరు నవ్వుకున్నా ఎవరూ నొచ్చుకోరు.

నేను అక్కడికి రెండు రకాల మనిషిగా వెళ్లాను. మొదటిసారి నా కథ వేరేవాళ్లు చెప్పారు. చివరిసారి నేనే చెప్పాను. ఆ రెండింటికీ నడుమ నాకు జరిగింది రాస్తున్నాను. నా ఎడమ మణికట్టు అతికింది, కాకపోతే పూర్తిగా వంగదు. కడుపులో జబ్బు తగ్గింది. జబ్బుతో ఉన్నప్పుడు రాసి ఉంటే ఏడుపు రాసేదాన్ని. ఇప్పుడు నాకు మిగిలింది కోపం. అది నాకు బాగానే పనికొస్తోంది.

నేను ఇంటర్ దాకా బడిలో చదివాను. మిగతాది గ్రంథాలయంలో చదువుకున్నాను. డిగ్రీ కాగితం లేదు గానీ, చదివిన పుస్తకాల పేర్లు చెప్పమంటే సాయంత్రం దాకా చెప్పగలను. ఆ మాట గొప్పకే చెబుతున్నాను. ఆ చదువే నన్ను బయటపడేసింది.

పెళ్లయిన చలికాలం

నాకు ఇరవై మూడేళ్లప్పుడు నవంబరులో పెళ్లయింది. తిరుపతిలో కాపురం. అతనికి సెల్‌ఫోన్ల కొట్టు. అతన్ని "ఆయన" అని రాయడం ఇప్పుడు నా వల్ల కాదు, చదివేవాళ్లు సర్దుకోవాలి. సంబంధం చూసిన రోజుల్లో మావాళ్లకి అందరూ చెప్పింది ఒకటే, పిల్లోడు తాగడని. నిజమే. అతను ఎప్పుడూ తాగలేదు. నన్ను కొట్టిన ప్రతిసారీ పూర్తి తెలివిలో ఉండే కొట్టాడు.

మొదట్లో కారణాలు వెతుక్కునేదాన్ని. కూరలో ఉప్పా, ఫోను ఎత్తడం ఆలస్యమా అని. పోనుపోనూ తెలిసింది, కారణం "వద్దు" అన్న మాట. ఒంట్లో బాగాలేదు, ఈరోజు వద్దు అంటే అతను ఆగేవాడు కాదు. జాగ్రత్త పడదాం, నిరోధ్‌లు మందుల షాపులో దొరుకుతాయి కదా అన్నందుకు, నన్ను అనుమానిస్తున్నావా అని చెంప మీద కొట్టాడు. తాళి కట్టినవాడు చేసినా బలవంతం బలవంతమే అని నాకు అప్పటికి తెలియదు. ఆడదాని బతుకు ఇంతేనేమో అనుకున్నాను.

ఫిబ్రవరి వచ్చేసరికి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. మూత్రానికి వెళితే మంట. తెల్లబట్ట, దాంతో పాటు నాకే తల తిప్పేసే వాసన. సాయంత్రాలు చలిజ్వరం. అత్తకి చెప్పాను. ఆమె భర్త పోయాక కొడుకు దగ్గరే ఉంటోంది.

"వేడి చేసిందిమే," అంది. "కొత్తగా పెండ్లయిన ఆడోళ్లకి అందరికీ ఉండేదే."

మా వైపు వేడి అనే మాటలో పట్టని జబ్బు లేదు. కళ్లు ఎర్రబడితే వేడి, పుండు లేస్తే వేడి, పిల్లలు పుట్టకపోయినా వేడే. సబ్జా నీళ్లు తాగించింది, మజ్జిగ తాగించింది, మాడుకీ బొడ్డుకీ ఆముదం రాసింది. ఉన్నమాట చెప్పాలి, ప్రేమగానే చేసింది. ఆముదం రాస్తున్న ఆ చేతి చిటికెనవేలు పక్కకి వంగి ఉండేది. ఏమైంది అత్తా అని అడిగితే, పెళ్లయిన కొత్తలో బావి దగ్గర పడ్డానంది. నేను నమ్మాను.

డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని అతన్ని అడిగాను. ఆడ కూర్చోని ఏం చెప్తావు, నా పరువు తీస్తావా అన్నాడు. వేసవి అంతా ఆముదంతోనే గడిచింది.

జూన్, ఎముక

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను కొట్టు మూసి వచ్చాడు. నేను జ్వరంతో దుప్పటి కప్పుకుని ఉన్నాను. వద్దన్నాను. రేపు నేనొక్కదాన్నే ఆసుపత్రికి పోతానని కూడా అన్నాను. దగ్గరికి వచ్చినవాణ్ణి ఎడమ చేత్తో తోశాను. ఆ చెయ్యి పట్టుకుని తిప్పాడు. మా నాయనకి చెరకు తోట ఉంది. చెరకుగడ విరిగితే వచ్చే చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అదే చప్పుడు నా చేతిలో వినిపించింది.

తిరుపతిలో ఆసుపత్రులకి ఏం తక్కువ? అన్నీ వదిలేసి నన్ను కారెక్కించి పుత్తూరు తీసుకుపోయారు. ఎముకకి పుత్తూరు కట్టుని మించింది లేదని మా వైపు నమ్మకం. ఆ నమ్మకం చాటున ఇంకో లెక్క ఉంది. ఆసుపత్రిలో అయితే డాక్టరు ఎట్ల విరిగిందని అడుగుతాడు, కాగితం మీద రాస్తాడు, పోలీసులకి చెప్పినా చెప్తాడు. పుత్తూరులోనూ అడుగుతారు, కాకపోతే అడిగేది పక్కన కూర్చున్నవాళ్లు.

ఆ రోజు మా పక్కన గూడూరు నుంచి వచ్చిన నిమ్మకాయల వ్యాపారి కూర్చున్నాడు. బస్తా మీద పడి కాలు విరిగిందట. తన కథ ముగించి నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"బాత్రూంలో జారి పడిందబ్బా. ఆ నున్నటి టైల్సు ఉండాయే, దానికి తోడు సబ్బునీళ్లు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నట్టు. ఆయన జాలిపడి, తన వదిన కూడా అట్లాగే పడిందని చెప్పి, గరుకు టైల్సు వేయించమని సలహా ఇచ్చాడు. నేను తల దించుకుని కూర్చున్నాను.

కట్టు మాత్రం బాగా కట్టారు. పచ్చని ఆకు ముద్ద, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. కట్టిన చేతుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్లు ఎముక చూసేవాళ్లు, ఎముక చూశారు. నడుము కింద నొప్పితో నేను వంగి కూర్చున్నానని నేను చెప్పలేదు, తీసుకొచ్చినవాళ్లూ చెప్పలేదు. మనుషులకి కనపడే దెబ్బకి కట్టు పడింది. కనపడనిది నాతోనే తిరిగి వచ్చింది.

ఒంటి చేత్తో కోడలు ఏం పనిచేస్తుంది? కట్టు విప్పేదాకా పథ్యం, పుట్టింట్లో విశ్రాంతి, అది మామూలే. అతని మేనమామ మావాళ్లతో ఫోనులో మాట్లాడి, కట్టు విప్పిన రోజే పుత్తూరు నుంచి అటే తిరుపతికి తీసుకుపోతామని ఖాయం చేశాడు. అంటే ఎముక అతికేదాకా నాకు సెలవు. అతికిందంటే మళ్లీ ఆ ఇంటికి, అదే జబ్బుతో, అదే మనిషి దగ్గరికి. చెయ్యి త్వరగా బాగుపడాలని దండం పెట్టుకోవడానికి కూడా భయమేసింది.

జూన్ చివర, గ్రంథాలయం

మా ఊరు చిత్తూరుకి దగ్గర. అమ్మకి నా కడుపునొప్పి సంగతి చెప్పాను. అమ్మ కూడా వేడి అనే అంది. మళ్లీ సబ్జా గింజలు.

బస్సెక్కి చిత్తూరు గ్రంథాలయానికి వెళ్లాను. పెళ్లికి ముందు నాకు అదే కాలేజీ. అక్కడి ఖాదర్ సార్ నన్ను లంగా జాకెట్ల నాటి నుంచీ ఎరుగుదురు. నా చేతి కట్టు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "రామ్మా, శాన్నాళ్లయింది," అన్నారు. ఎట్ల పడినావు అని అడగని మనిషి ఆయనొక్కరే.

ఆడవాళ్ల ఆరోగ్యం గురించిన లావుపాటి పుస్తకం ఒకటి అడుగు అరలో ఉంటుంది. దాన్ని బల్ల మీద పెట్టుకున్నాను గానీ ఒక చేత్తో తెరిచి పట్టుకోవడం కుదరలేదు. వదిలితే మూసుకుపోయేది. సార్ తన బల్ల మీది గాజు పేపరువెయిట్ తెచ్చి ఒక పేజీ మీద పెట్టారు, స్టాప్లర్ ఇంకో పేజీ మీద పెట్టారు. పెట్టి, ఆ పేజీలో ఏముందో చూడకుండా వెళ్లిపోయారు.

ఆ పుస్తకంలో గర్భం, కాన్పు గురించిన పేజీలు పదిమంది చేతులు తగిలి మెత్తబడిపోయి ఉన్నాయి. నా జబ్బు ఉన్న పేజీలు కొత్తవాటిలా పెళపెళలాడాయి. అంటే మా ఊళ్లలో ఈ జబ్బు ఎవరికీ లేదనా? అందరికీ వేడి అయి ఉంటుంది.

అక్కడ నా నొప్పి ఉంది, నా మంట ఉంది, నా చలిజ్వరం ఉంది. కలయిక వల్ల అంటుకునే జబ్బు, మందు వేయకపోతే గర్భసంచికీ గొట్టాలకీ పాకుతుంది, మందు ఇద్దరూ కలిసి తినాలి అని రాసి ఉంది. పేజీ తిప్పితే ఇంకో సంగతి. వద్దని చెప్పే వీలు లేని ఆడమనిషికి తనను తాను కాపాడుకునే వీలూ ఉండదట. దెబ్బలు తినే ఇంట్లో ఈ జబ్బులు ఎక్కువట, వైద్యానికి చేరడం ఆలస్యమట. చెంపదెబ్బ సంగతి, తెల్లబట్ట సంగతి ఒకే పాఠంలో ఉంటాయని నేను ఎన్నడూ అనుకోలేదు. పేపరువెయిట్ కింద ఆ వాక్యాలు మళ్లీ మళ్లీ చదివాను. నాకు విరిగిన చెయ్యి ఒక కష్టం, కడుపులో నొప్పి ఇంకో కష్టం అనుకుంటూ వచ్చాను. రెండూ ఒక్కటే. వచ్చింది ఒక్క చోటి నుంచే.

ఆ మరుసటి సోమవారం అమ్మని వెంటబెట్టుకుని చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను.

ఆసుపత్రి బల్ల

ఆడవాళ్ల విభాగం ముందు బల్లలు నిండిపోయి ఉన్నాయి. ఊరివాళ్లు ఎవరైనా చూస్తారేమోనని అమ్మ కొంగు ముఖం మీదకి లాక్కుంది. ఎవరన్నా పలకరిస్తే చేతి కట్టు చూపిద్దాంలే అని నాతో గుసగుసగా అంది. నెలలు నిండిన ఒకామె, నేను నడుము పట్టుకుని నిలబడటం చూసి, తను లేచి గోడ ఆనుకునే చోటు నాకిచ్చింది. తనకే ఇద్దరి బరువు. ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

డాక్టరమ్మ చిన్న వయసామె. కట్టు చూడగానే పుత్తూరు కట్టా అంది. ఎట్ల విరిగిందంది. అమ్మ పక్కనే ఉంది. బాత్రూంలో జారి పడ్డానని చెప్పాను. అత్త మాట నా నోట్లోంచి అంతే సులువుగా వచ్చింది.

"మన జిల్లాలో బాత్రూమంత చెడ్డ జాగా ఇంకోటి లేదమ్మా," అంది డాక్టరమ్మ, రాయడం ఆపకుండా. "ఎంతమంది జారతారో. మొగోళ్లు మాత్రం జారరు."

తర్వాత అమ్మని బయట కూర్చోమంది. తలుపు మూసి, ఆ ఇంట్లో నీకు భయం లేకుండా ఉందా అని అడిగింది. అంతే అడిగింది. ఆ మాట నన్ను అడిగినవాళ్లు అంతకుముందు లేరు. అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. కేసు పెట్టాలనుకుంటే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పింది, పెట్టమని గానీ వద్దని గానీ అనలేదు. పరీక్షలకి పంపింది. వాటిలో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉంది.

ఆ ఫలితం వచ్చేదాకా ఆ బల్ల మీద కూర్చున్న పూట నా జీవితంలో అన్నిటికంటే పొడవైనది. అమ్మ చింతపులుసు అన్నం డబ్బా తెరిచింది. నాకు మింగుడుపడలేదు. ఇంతకీ ఆ రక్తం దేనికి తీసుకున్నారని అడిగింది. చెప్పేశాను. ఆ జబ్బు పేరు, అది ఎందుకు చూస్తారో, చెయ్యి ఎట్ల విరిగిందో, అన్నీ. అలాంటి మాటలు అమ్మ ముందు పలకడం అదే మొదటిసారి. అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. కొంగు ముఖం మీద నుంచి తీసేసింది.

"ఆ కాయితంలో ఏమన్నా ఉండనీ," అంది. "నువ్వు నా బిడ్డవి. తిను."

ఆ ముద్ద తిన్నాను.

హెచ్‌ఐవీ లేదు. వేరే ఇన్ఫెక్షన్ ఉంది, పైకి పాకింది. మందుకి తగ్గుతుందన్నారు. గొట్టాలకి మచ్చ పడిందేమో, పిల్లల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. మాత్రల పొట్లాలు రెండు ఇచ్చారు, ఒకటి నాకు, ఒకటి అతనికి. నువ్వొక్కదానివే తిని ఆ ఇంటికి పోతే మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి ఇంకా లోపలికి పోతుంది అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

జులై, మా నట్టింట్లో

జ్వరం తగ్గింది. చాలా నెలల తర్వాత నొప్పి లేకుండా నిద్రలేచాను. కబురు పెడితే అతనూ, అత్తా, మేనమామా వచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది. గ్లాసుల పక్కన నేను అతని మాత్రల పొట్లం పెట్టాను. ఇవి తిని, ఆసుపత్రిలో చూపించుకుని, ఇక మీద నా మీద చెయ్యి వేయనని నలుగురిలో చెప్పేదాకా నేను రానన్నాను.

"నాకేం రోగం లేదు," అన్నాడు అతను. "యాడ తెచ్చుకున్నావో నీకే తెలియాల."

"నీ ఇంటికి తప్ప నేను యాడికి పోయినాను?" అన్నాను. "లేదంటే పరీక్ష చేయించుకో. కాయితమే చెప్తాది."

పొట్లాన్ని వేలితో నెట్టాడు. కింద పడింది. నేనే తీసి మళ్లీ అక్కడే పెట్టాను. మేనమామ గొంతు సవరించుకుని, సంసారమన్నాక ఎన్నో వస్తాయి పోతాయి, మాత్రలు తెచ్చి నట్టింట్లో పెట్టడం యాడన్నా ఉందా అని మొదలుపెట్టాడు. అప్పుడు నాయన అందుకున్నాడు. ఆయనకి తెలిసింది చెరకూ ఆవులూ.

"గొడ్లకి గాలికుంటు వస్తే ఒకదానికి మందేసి ఇంకోదాన్ని ఇడిస్తామా అప్పా?" అన్నాడు నెమ్మదిగా. "మళ్లీ అంటుకుంటాది కదా."

"మావోణ్ణి గొడ్డంటావా?"

"గొడ్డని నేనెందుకంటా. గొడ్డయితే ఈపాటికి పట్టుకోని నోట్లో మందు పోసుందును."

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లింది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మేనమామ లేచి నిలబడ్డాడు. పరువు మాటలు, పెద్దరికం మాటలు వచ్చాయి. మాత్రల సంగతి మేం చూసుకుంటాం, కట్టు విప్పిన రోజు పుత్తూరుకి కారు తెస్తాం, పిల్ల బట్టల సంచీతో రెడీగా ఉండాల అన్నాడు. నాయన తల ఊపాడు. విరిగిన చెయ్యి కంటే ఆ తల ఊపడం నన్ను ఎక్కువ నొప్పించింది. పొట్లం గ్లాసుల పక్కనే ఉండిపోయింది. దాన్ని ఎవరూ తీసుకుపోలేదు.

కట్టు విప్పిన రోజు

పుత్తూరుకి నాయనతో వెళ్లాను. అమ్మ సర్దిన సంచీ, మేం బస్సు దిగగానే, మేనమామ తీసుకుని కారు డిక్కీలో పెట్టేశాడు. అతను కారులోనే ఉన్నాడు, ఫోను చూసుకుంటూ. అత్తా, నాయనా నాతో లోపలికి వచ్చారు.

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి, నాది కానట్టుంది. వేళ్లు ఆడించి చూపించమన్నారు. ఆడించాను. నూనె రాస్తూ ఉండమన్నారు. నూనె సీసా ఇస్తామని మమ్మల్ని మళ్లీ వరుసలో కూర్చోబెట్టారు. ఇక అయిపోయిందని తెలుసు. ఆ సీసా రాగానే లేచి కారెక్కాలి.

ఎదురుగా తుంటి విరిగిన ముసలామె పడుకుని ఉంది. ఆమె పక్కన ఒక అమ్మాయి, నాకంటే చిన్నది, కుడి మోచేతికి కొత్త కట్టు. ఆమె వెంట వచ్చిన పెద్దావిడ అందరికీ చెబుతోంది, గడపకి తట్టుకుని పడిందని. అమ్మాయి నేల చూస్తోంది. ఆ చూపు ఎక్కడిదో నాకు తెలుసు. జూన్‌లో అది నాది.

భుజానికి కట్టుతో ఉన్న ఒకాయన నా వైపు తిరిగాడు.

"చెయ్యి బాగయిపోయినట్టుండాదే. ఎట్ల పడినావమ్మా?"

"బాత్రూంలో..." అని అత్త అందుకుంది.

"పడలేదన్నా," అన్నాను. "నా మొగుడు తిప్పి విరిచినాడు. జరంగా ఉండాది, నా కాడికి రావద్దు అన్నాను. దానికి విరిచినాడు. ఆయప్ప వల్ల లోపల జబ్బు కూడా వచ్చింది. చిత్తూరు ఆసుపత్రి డాక్టరమ్మ ఇచ్చిన మందు నేను తిన్నాను, ఆయప్ప తినలేదు. అందుకని నేను తిరుపతికి పోయేది లేదు."

అందరూ వింటున్నారని తెలిసి, చివరి మాట ఇంకొంచెం గట్టిగానే అన్నాను.

భుజం కట్టాయన తల పక్కకి తిప్పుకున్నాడు. అత్త ఏదో అనబోయి ఆగి, తన వంకర చిటికెనవేలిని రెండో చేత్తో మూసుకుంది. తుంటి విరిగిన ముసలామె మాత్రం పడుకునే నా వైపు చూసి పెదాలు విరిచింది.

"మా కాలంలో బావులు," అంది. "మీ కాలంలో బాత్రూంలు."

ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో నాకు ఊపిరి ఆడింది. తిరిగి చూస్తే నాయన లేడు. వాకిట్లోకి చూశాను. కారు వెనక డిక్కీ తెరిచి, మేనమామ ఏదో అంటున్నా వినకుండా, నా బట్టల సంచీ బయటికి తీసి భుజాన వేసుకుంటున్నాడు. ఆ రోజు తల ఊపిన మనిషే.

ఇదంతా అయి ఏడాది దాటింది. కేసు పెట్టాను, నడుస్తోంది. చిత్తూరులో ఒక జిరాక్సు షాపులో పనిచేస్తున్నాను, సాయంత్రం గ్రంథాలయం. పరీక్షలు మళ్లీ చేయించుకున్నాను, ఇన్ఫెక్షన్ లేదు. పిల్లల సంగతి ఏమో. ఊళ్లో నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. అనుకోనీ. కానీ నేను అందరికీ చెప్పాలనుకున్నది ఆ రోజు పుత్తూరులోనే, నాయన సంచీ తీసిన తర్వాత రెండు నిమిషాల్లో జరిగింది.

నూనె సీసా తీసుకుని, చెయ్యి కడుక్కుందామని కొళాయి దగ్గరికి వెళ్లాను. వెనకాల అడుగులు వినిపించాయి. గడపకి తట్టుకుని పడిందన్న ఆ అమ్మాయి. నీళ్లు తాగడానికని చెప్పి వచ్చిందట. ఒంటి చేత్తో కొళాయి తిప్పలేకపోతుంటే నేను తిప్పాను. నీళ్లు తాగలేదు. లోపలికి ఒకసారి చూసి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"అక్కా, ఆ మందు ఇచ్చిన డాక్టరమ్మ ఏ వారాల్లో ఉంటాది?"

సోమవారం పొద్దున్నే పొమ్మన్నాను. ఎవరు వెంట వచ్చినా బయట కూర్చోమని ఆమే చెప్తుందన్నాను. చేతి కట్టు చూడగానే, ఎట్ల పడినావు అని అడుగుతుందన్నాను.

"ఏం చెప్పాల?"

"పడినాను అని మాత్రం చెప్పొద్దు," అన్నాను.